మొదట ఇంటిలో

చదువవలసిన వాక్యభాగములు: మార్కు 7:9–13, 1 తిమోతికి 5:1–8, రూతు 1వ అధ్యాయము



ఈ నెల కుటుంబ పాఠము వ్రాయు భారము హూడిలోని మా ఇంటికి అప్పగింపబడినది. మేము వేదపండితులము కాము. వారమంతయు ఉద్యోగము, ఆదివారము ఆరాధన, నెలకొకసారి గృహ కూడిక. మీలో అనేకులవలెనే మేమును. క్రైస్తవ ప్రేమ, విశ్వాసము కుటుంబ జీవితములో ఎట్లు కనబడవలెనన్నది మాకిచ్చిన అంశము. భార్యాభర్తలను గూర్చియు, పిల్లల పెంపకమును గూర్చియు ఈ పేజీలలో ఇదివరకే పలువురు చక్కగా వ్రాసిరి. గనుక మన ఇండ్లలో ఉన్నప్పటికిని మనము తక్కువగా మాటలాడుకొను ఒక సంగతిని తీసుకొంటిమి. అది మన ఊళ్లనుండి మనతోకూడ తెచ్చుకొన్న తలిదండ్రుల సంగతి.

మొదట వాక్యము చూతము. పౌలు తిమోతికి మొదటి పత్రిక వ్రాయునప్పటికి తిమోతి ఎఫెసులో సంఘమును చూచుకొనుచుండెను. ఆ సంఘములో విధవరాండ్రు ఉండిరి. వారిని ఎవరు పోషింపవలెనన్న ప్రశ్న వచ్చినది. పౌలు ఇచ్చిన జవాబు సూటిగా ఉన్నది. ఏ విధవరాలికైనను పిల్లలో మనుమలో ఉన్నయెడల సంఘముకంటె ముందు వారే బాధ్యులు. కన్నవారు తమకు చేసినదానికి బదులు చేయుట వారు నేర్చుకొనవలెను. ఇక్కడ ఒక మాట దగ్గర మనము కొంచెము ఆగవలెను. ఇంటివారియెడల చేయవలసినదానిని చెప్పుటకు పౌలు వాడిన గ్రీకు క్రియ ‘యుసెబేయో’. భక్తి చేయుట, భక్తి కనుపరచుట అని దాని భావము. ఈ క్రియ క్రొత్త నిబంధన అంతటిలో రెండుచోట్ల మాత్రమే వచ్చును. ఒకటి అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయములో, ఏథెన్సువారు తమకు తెలియని దేవునికి చేయు ఆరాధనను గూర్చి. రెండవది ఇక్కడ, ముసలితల్లికి పిల్లలు చేయు పరిచర్యను గూర్చి. బలిపీఠము దగ్గర చేయుదానికి వాడిన మాటనే పౌలు వంటయింటికిని, మంచము ప్రక్కకును తెచ్చెను. ‘మొదట’ అనికూడ చెప్పెను. అనగా భక్తిని నేర్చుకొను మొదటి బడి మందిరము కాదు, ఇల్లు.

ఈ మాట అందుకొన్న తిమోతి ఎవరు? రెండవ పత్రిక మొదటి అధ్యాయములో పౌలే చెప్పుచున్నాడు: అతని విశ్వాసము మొదట అవ్వయైన లోయిలోను, తరువాత తల్లియైన యునీకేలోను ఉండెను. అవ్వ ఒడిలో విశ్వాసము నేర్చుకొన్నవానికే, అవ్వలను విడువవద్దని సంఘమునకు బోధింపుమని ఆజ్ఞ వచ్చినది. ఎనిమిదవ వచనమునైతే మనము తరచుగా దాటిపోవుదుము. స్వంత ఇంటివారిని చూడనివాడు విశ్వాసము లేనివానికంటె క్రింద నిలుచునని అక్కడి భావము. మేమును ఈ వచనమును చాలాసార్లు చదివితిమి. మమ్మును గూర్చినదని ఎన్నడును తలంపలేదు. మేము చూచుకొనుచునే ఉన్నామని మా ధైర్యము.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పవలెను. సాక్ష్యమని కాదు, మా తప్పు గనుక చెప్పుచున్నాము.

2016లో మా ఇంటి పెద్దాయన ప్రభువునందు నిద్రించిరి. ఒంగోలు ప్రక్క పల్లెలో అమ్మ ఒంటరిది ఆయెను. మాలో ఒకరికి ఆమె కన్నతల్లి, ఒకరికి అత్తగారు. ఆ క్రిస్మస్ ముగిసిన తరువాత ఇంటికి తాళము వేసి, కోళ్లను పొరుగువారికి ఇచ్చి, ఆమెను తీసుకొని కృష్ణరాజపురం స్టేషనులో రైలు దిగితిమి. హూడిలో మాది మూడవ అంతస్తు. ఆమెకు గాలి వెలుతురు గల గది, క్రొత్త పరుపు, టీవీ, పెద్ద అంకెల ఫోను, బి.పి. మాత్రల డబ్బా, పగటిపూట తోడుగా పనిమనిషి. ఏ లోటును లేదని అందరితో చెప్పుకొంటిమి. సంఘములో పలువురు మమ్మును మెచ్చుకొనిరికూడ.

హూడి ఎట్టి చోటో తెలియనివారికి రెండు మాటలు. ఇది ఒకప్పుడు చెరువు, రాగి పొలములు గల పల్లె. 1990లలో వైట్‌ఫీల్డ్ దారిలో టెక్ పార్కు పని మొదలైన తరువాత చుట్టును ఆఫీసులు, అపార్టుమెంట్లు లేచినవి. 2023 మార్చిలో మెట్రో రైలుకూడ వచ్చినది. అయినను ఈ తూర్పు బెంగళూరు, కోలారు ప్రక్కలందు తెలుగు మాటలాడువారు తరతరములుగా ఉన్నారు. కూరగాయల బండివాడు తెలుగువాడే, మా మెట్లు తుడుచు ఆమెయు తెలుగే. కాబట్టి అమ్మకు భాష కొరత ఉండదని మేము తలంచితిమి. బయట నిజముగా కొరత లేదు. కొరత మా ఇంటిలోపలనే ఉండెనని మాకు తెలియలేదు.

ఉదయము ఎనిమిదింటికి నలుగురము నాలుగు దిక్కుల వెళ్లిపోవుదుము. రాత్రి ఎనిమిదింటికి తిరిగివచ్చుదుము. అటుతరువాత మాలో ఒకరికి అమెరికావారితో ఫోను పని. కుటుంబ ప్రార్థన మానలేదు. అది మా గర్వము. అయితే పిల్లలకు అర్థము కావలెనని ప్రార్థనయు, వాక్యపఠనమును ఇంగ్లీషులో చేయుచుంటిమి. అమ్మ చెంగు తలమీదికి కప్పుకొని మూల కుర్చీలో కూర్చుండెడిది. మేము ఆమేన్ అన్నప్పుడు ఆమేన్ అనెడిది. ఇందులో తప్పేమియు మాకు కనబడలేదు. ఊరిలో ఆమె స్త్రీల సమాజములో ముప్పది ఏండ్లు పెద్దగా ఉన్నది. కీర్తనలు పదుల సంఖ్యలో కంఠతా చెప్పగలది. ఎవరి బిడ్డకు జ్వరము వచ్చినను ఆమెను పిలిచి ప్రార్థన చేయించుకొనిరి. అట్టి స్త్రీ మా ఇంటిలో నాలుగు నెలలు ఉండి ఒక్కసారియు నోరు తెరచి ప్రార్థింపలేదు. చేయుమని మేము అడుగలేదు.

ఆదివారము రెండు గంటలు కూర్చుండుట ఆమె నడుమునకు కష్టమని, ఫోనులో ఆరాధన పెట్టి ఇచ్చి మేము మందిరమునకు వెళ్లుచుంటిమి. ప్రభురాత్రి భోజనపు ఆదివారములందుకూడ.

మే నెలలో ఒక రాత్రి ఆమె, “నాయనా, నాకు టిక్కెట్టు తీయి. ఊరికి పోతా” అని అడిగెను. మేము కంగారుపడితిమి. కోడలు ప్రక్కన కూర్చుండి, “ఎవరన్నా ఏమన్నా అన్నారా అత్తయ్యా? పిల్లలేమన్నా అన్నారా?” అని అడిగెను.

“ఎవ్వురూ ఏమీ అనలేదమ్మా. మాట్టాడితే గదా అనేదానికి” అని అమ్మ జవాబు.

ఆమె కోపముతో అనలేదు. గోడకు మేకు లేదని చెప్పినట్లు చెప్పినది. ఆ వారమే గృహ కూడికలో పొరుగువాని ప్రేమను గూర్చి వాక్యము చెప్పవలసినవారము మేమే. చెప్పితిమి. ఏమి చెప్పితిమో ఇప్పుడు జ్ఞాపకము లేదు. ఆమె మూడవ రోజున రైలెక్కి వెళ్లిపోయెను.

ప్రియులారా, మార్కు 7వ అధ్యాయము మాకు ఆ తరువాతనే అర్థమైనది. అక్కడ పరిసయ్యులకు ఒక ఆచారము కలదు. తలిదండ్రులకు చెందవలసిన సహాయమును ‘కొర్బాను’ అని, అనగా దేవునికి ప్రతిష్ఠింపబడినదని చెప్పినయెడల, ఆ కుమారుడు తలిదండ్రులకు ఇక ఏమియు చేయనక్కరలేదు. దేవుని పేరు చెప్పి దేవుని ఆజ్ఞను తప్పించుకొను మార్గము అది. ప్రభువు దానిని ఎంత కఠినముగా గద్దించెనో చదువుడి. ఇది పూర్వకాలపు యూదుల తప్పిదమని అనుకొనుచు మేము ఎన్నో ఏండ్లు ఈ భాగము వింటిమి. మేము ఏమి చేసితిమో వినుడి. పెద్దాయన జ్ఞాపకార్థము ఊరి మందిరమునకు నాలుగు ఫ్యాన్లు ఇచ్చితిమి. మన మందిరములలో ఫ్యాను రెక్కలమీద ఇచ్చినవారి పేరు వ్రాయించు అలవాటు కలదు గదా. అట్లే పేరు వ్రాయించితిమి. అమ్మ పేరట పాస్టరమ్మగారికి చీర పెట్టితిమి. సంఘపు కమిటీకి, గాయక బృందపు అభ్యాసమునకు, కూడికలకు వారమునకు మూడు సాయంత్రములు ఇచ్చుచుంటిమి. ఆమెకు ఇచ్చిన సాయంత్రము ఒక్కటియు లేదు. ఆమెకు చెందిన సమయమును దేవుని పనికి ఇచ్చితిమని చెప్పుకొంటిమి. ఇది కొర్బాను కాక మరేమి?

ఇచ్చుట తప్పని మేము చెప్పుటలేదు. దశమభాగము మానివేసి ఆ సొమ్ము ఇంటికి వాడుకొనుడని ఎవరును దీనిని త్రిప్పి చెప్పవద్దు. మన ఇండ్లలో ఇప్పుడు తలిదండ్రులకు కొరతయైనది డబ్బు కాదు. మన ముందుతరమువారు పొట్టకూటికై పడిన పాట్లు మనకు లేవు. మన దగ్గర కొరతగా ఉన్నది ఏదో అదియే ప్రేమకు పరీక్ష. మనకు కొరత కాలము.

ఈ సంగతి ప్రభుత్వమువరకు వెళ్లినది. తలిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమముల చట్టము మన దేశములో 2007లో వచ్చినది. పిల్లలు చూడనియెడల తలిదండ్రులు ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకొనవచ్చును; వృద్ధులను విడిచిపెట్టినవారికి మూడు నెలలవరకు జైలుకూడ ఉండవచ్చును. ఆ చట్టములో ‘పిల్లలు’ అనగా కుమారులు మాత్రమే కాదు, కుమార్తెలును, మనుమలును, మనుమరాండ్రును. మంచిదే. అవసరమైనవారు దానిని ఉపయోగించుకొనుటలో సిగ్గుపడనక్కరలేదు. అయితే నెలకింత ఇమ్మని ఆజ్ఞాపింపగలదు గాని, రోజుకు అరగంట కూర్చుండి మాటలాడుమని ఏ ట్రిబ్యునలు ఆజ్ఞాపింపగలదు? అది విశ్వాసము చేయవలసిన పని.

తరువాత జరిగినది క్లుప్తముగా చెప్పుదుము. ఆగస్టు 15 సెలవును కలుపుకొని మేమందరము ఊరికి వెళ్లితిమి. క్షమింపుమని పెద్దలను నోటితో అడుగుట మన ఇండ్లలో అలవాటు లేదు. పిల్లలచేత సారీ చెప్పింతుము గాని మనము చెప్పము. రైలులో రాత్రంతయు ఎట్లు చెప్పవలెనని ఆలోచించితిమి. చివరకు వసారాలో ఆమె ఎదుట నిలిచి, “అమ్మా, మాది తప్పు. నిన్ను తెచ్చి గదిలో పెట్టాం గానీ ఇంట్లో పెట్టుకోలేదు” అని ఏదో అంటిమి. ఆమె, “సర్లే, పొద్దుబోయింది, అన్నాలు తినండి” అనెను. అంతే. మరుసటి రోజున ఆమెయే పెట్టె సర్దుకొనెను. ఆవకాయ జాడీ మాత్రము ఈసారి విడిచిరానని పట్టుబట్టెను.

తిరిగివచ్చిన తరువాత మా ఇంటిలో మార్చినది ఒకే ఒకటి. ప్రార్థన తెలుగులో. పెద్ద అక్షరముల తెలుగు బైబిలు కొని, రోజుకొక వచనము ప్రతి పిల్లవాడు చదువవలెనని పెట్టితిమి. పెద్దవాడు మొదట ఒప్పుకొనలేదు. “నాకు అర్థం కాని భాషలో దేవునితో ఎట్లా మాట్లాడాలి?” అని అడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనదే. అదే ప్రశ్న వాని నాయనమ్మ నాలుగు నెలలు అడుగక మౌనముగా కూర్చున్నదని వానికి చెప్పితిమి. వాడు కొంతసేపు మాటలాడలేదు. తరువాత బేరము కుదిరినది: వచనము తెలుగులో, వాని ప్రార్థన వానికిష్టమైన భాషలో, నాయనమ్మ ప్రార్థన చివర. ‘ల’కు ‘ళ’కు తేడా పలుకువరకు ఆమె వారిని విడువదు. ఒక్కొక్కప్పుడు ఆరు వచనములకు అరగంట పట్టును. ఫోను పని ఉన్న రోజులలో భోజనమునకు ముందే కూర్చుందుము. కొన్ని రోజులు తప్పిపోవుదుము. తప్పిపోలేదని వ్రాసినయెడల అబద్ధమగును.

2020లో లాక్‌డౌను వచ్చినప్పుడు ఐదుగురము నెలల తరబడి ఆ మూడవ అంతస్తులోనే ఉంటిమి. మా ఇంటిలో అమ్మ కథలు మొదలైనది అప్పుడే. ఆమె చిన్నతనమున ఆమె నాయనమ్మ చెప్పిన సంగతులు. ఆ నాయనమ్మ తండ్రి కరువుకాలమున కాలువ పనికి వెళ్లి గంపలతో మన్ను మోసినవాడు. మధ్యాహ్నము చెట్టు నీడన పనివారు కూర్చున్నప్పుడు వాక్యము వినినవాడు.

ఆ కరువు మన సంఘముల చరిత్రలో అందరికి తెలిసినదే. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమంతయు ఎండిపోయెను. ఒంగోలు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పనిని కాంట్రాక్టుగా తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి కల్పించిరి. బోధకులు మేస్త్రీలుగా ఉండి, విరామమున పనివారితో మాటలాడిరి. అన్నముకొరకు బాప్తిస్మము అడుగుదురేమోనని కరువు ఉన్నంతకాలము బాప్తిస్మములు ఆపివేసిరి. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్య మా పిల్లలు సండే స్కూలులో కంఠస్థము చేసినదే. అయితే అమ్మకు అది సంఖ్య కాదు. ఆమెకు అది కాళ్లు పగిలిన ఒక మనిషి. పనికొరకు ఊరు విడిచి, భార్యాబిడ్డలతో పాకలో ఉన్న వలసకూలి. హూడిలో ఉన్న మన కథ అక్కడ మొదలైనదని పిల్లలకు ఏ పుస్తకమును ఇట్లు చెప్పలేదు.

అంతకు ముందు సంగతియు అట్టిదే. ఒంగోలు సంఘము 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఏర్పడెను. దానికి ముందు సంవత్సరము, 1866లో, జూయెట్ దొరగారిచేత బాప్తిస్మము పొందిన యర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ల వ్యాపారముమీద ఊళ్లు తిరుగువారు. ఏలూరు ప్రక్క సువార్త విని తాళ్లకొండపాడుకు తిరిగివచ్చిరి. బాప్తిస్మమునకు ఆయన ఒంటరిగా రాలేదు, భార్యతోకూడ వచ్చిరి. దారిలో విన్న మాటను మొదట ఇంటిలో చెప్పిరన్నమాట. డేరాలు కుట్టు అకుల ప్రిస్కిల్లలను జ్ఞాపకము చేసికొనుడి. క్లౌదియ చక్రవర్తి రోమానుండి వెళ్లగొట్టగా కొరింథుకు, అక్కడనుండి ఎఫెసుకు వెళ్లిన వలస దంపతులు. వెళ్లిన చోటనెల్ల వారి ఇల్లు ఇతరులకు తెరచి ఉండెను. నాటాలు దేశములో కియర్‌స్నీ తేయాకు తోటలకు కూలికి వెళ్లిన మన తెలుగు బాప్తిస్టులుకూడ కాపరి లేని కాలమున విశ్వాసమును విడువలేదు. నెల్లూరునుండి జాన్ రంగయ్యగారు 1903లో ఓడ దిగువరకు దానిని నిలిపినది వారి ఇండ్లే. మనకు ఈ విశ్వాసము ఇంటినుండి ఇంటికి, నోటనుండి చెవికి వచ్చినది. ఆ వరుసలో మనకు ముందున్న మనిషి ఇప్పుడు మన వెనుక గదిలో టీవీ ఎదుట కూర్చున్నాడు, లేక కూర్చున్నది.

ఇక కొన్ని కష్టమైన సంగతులు. ఈ పాఠము చదివి కొందరు సహోదరులు ఇంటికి వెళ్లి, “విన్నావా, మా అమ్మను బాగా చూడు” అని భార్యతో చెప్పుదురేమోనని మా భయము. పడక దులుపుట, పత్యము వండుట, ఆసుపత్రికి తీసుకొనిపోవుట, రాత్రి లేచుట ఇవన్నియు కోడలికి. తలిదండ్రులను సన్మానించినందుకు వచ్చు ఆశీర్వాదము కుమారునికి. ఇట్టి పంపకము మన ఇండ్లలో ఉన్నది. మాలో భర్తయైన వానికి అమ్మ కాళ్లకు నూనె రాయుట 2017వరకు తెలియదు. తన తల్లియే అయినను. నేర్చుకొనుటకు నామోషీ పడెను. పౌలు నేర్చుకొనవలెనని చెప్పినది పిల్లలకును మనుమలకును. కోడండ్రకని అక్కడ లేదు.

అప్పుడు రూతు మాట ఎత్తుదురు. ఎత్తవచ్చును. అయితే సరిగా చదువవలెను. కరువువలన బేత్లెహేము విడిచి మోయాబులో కాపురమున్న కుటుంబము నయోమిది. అక్కడ భర్తయు, ఇద్దరు కుమారులును చనిపోయిరి. రూతును తనతో రమ్మని నయోమి బలవంతపెట్టలేదు, తిరిగిపొమ్మని మరల మరల చెప్పెను. రూతు తన ఇష్టముతో వచ్చినది. ఎవరును ఆమె తలమీద పెట్టిన భారము కాదది. ఇంకొక సంగతి: నయోమి అప్పుడు తీపి మనిషి కాదు. తన పేరు మార్చి చేదు అని పిలువుమని ఊరివారికి చెప్పినంత దుఃఖములో ఉన్నది. ప్రక్కన నిలిచిన కోడలిని లెక్కలోనికి తీసుకొనకుండ, వట్టి చేతులతో వచ్చితినని అన్నది. రూతు ఆ మాటకు నొచ్చుకొనినట్లు వ్రాయబడలేదు. మన పెద్దలుకూడ కొందరు అట్లే మాటలాడుదురు. ఎంత చేసినను చేయలేదందురు. ఊరి కోడలిని పొగిడి ఇక్కడి కోడలిని తగ్గింతురు. పెద్దవారైనంతమాత్రమున అందరును పరిశుద్ధులు కారు. తీతు 2వ అధ్యాయములో వృద్ధులకును వృద్ధస్త్రీలకును వేరుగా బుద్ధి చెప్పబడినది అందుకే. అది వారితో చెప్పవలసినవారు కాపరులు, డీకన్లు. ఇంటిలో కోడలు చెప్పినయెడల జగడమగును.

భార్య తలిదండ్రుల సంగతి ఏమి? అయిదవ ఆజ్ఞలో భర్త తలిదండ్రులని ప్రత్యేకముగా వ్రాసియుండలేదు. కుమార్తె ఉన్నను కుమారుడు లేని తలిదండ్రులు మన సంఘములలో ఎందరో ఉన్నారు. అల్లుని ఇంటిలో ఉండుట పరువు తక్కువని వారు ఊరిలో ఒంటరిగా ఉన్నారు. ఆ పరువు మనము వాక్యములో నేర్చుకొన్నది కాదు. అల్లుడు స్వయముగా వెళ్లి పిలువవలెను. కుమార్తెచేత ఫోను చేయించుట చాలదు.

తలిదండ్రులు ఊరు కదలమని చెప్పినవారు వారిని బలవంతముగా తేవద్దు. కొందరికి ఊరే మంచిది. మా అమ్మవలె అందరును తిరిగిరారు, రానక్కరలేదు. వారానికొకసారి డబ్బు వచ్చినదా, మాత్రలు వేసుకొన్నావా అని రెండు మాటలు అడిగి ఫోను పెట్టివేయుటకు బదులు, వారిని మన కుటుంబ ప్రార్థనలో ఫోనుద్వారానే ప్రార్థన చేయుమని అడుగుడి. మా గృహ కూడికలోని ఒక కుటుంబము అట్లు చేయుచున్నది. వారి తండ్రిగారు అటువైపు పల్లెలో కోడి కూయుచుండగా ప్రార్థింతురు. ఇటువైపు హూడి జంక్షను హారన్లు. ఒకరి మాట ఒకరికి సగమే వినబడును. అయినను ఆయన ఆ గంట కోసము ఏడు గంటలకే స్నానము చేసి కూర్చుందురట.

కన్నవారి చేతిలో నిజముగా గాయపడినవారు కొందరు మనలో ఉండవచ్చును. త్రాగి కొట్టిన తండ్రి, విడిచిపోయిన తల్లి. ఈ పాఠమును వారిమీద రాయివలె విసరకూడదు. వారికి కాపరితో ఏకాంతముగా మాటలాడుట మంచిది. వారి దారి వేరు, దానికి కాలము పట్టును.

సిలువమీద ప్రభువు చేసిన పనులలో ఒకదానిని యోహాను 19వ అధ్యాయములో చదువుదుము. లోకరక్షణ జరుగుచున్న గడియలోనే, ఆ బాధలోనే, తల్లి ఎవరి ఇంటిలో ఉండవలెనో ఆయన ఏర్పాటు చేసెను. శిష్యుడు ఆమెను ఆ గడియనుండి తన ఇంటికి చేర్చుకొనెను. లోకమును రక్షించు పని ఉన్నదని ప్రభువు తల్లి సంగతిని ప్రక్కకు పెట్టలేదు. అమెరికావారి ఫోను ఉన్నదని మేము పెట్టితిమి.

గృహ కూడికలలో ఈ పాఠము చెప్పువారు మూడు భాగములను ముందుగా చదివించి, ఒక్క ప్రశ్న అడిగిన చాలునని మా అభిప్రాయము: మీ ఇంటి పెద్దవారు గడచిన నెలలో ఎన్నిసార్లు నోరు తెరచి ప్రార్థించిరి? పెద్దవారు అక్కడనే కూర్చున్నయెడల వారినే అడుగవచ్చును. జవాబు చెప్పుటకు తొందరపెట్టకుడి.

అమ్మకు ఇప్పుడు ఎనుబది దాటినది. ఈ మధ్య మరపు ఎక్కువైనది. పెద్దాయన పొలమునుండి ఇంకను రాలేదేమని సాయంత్రము అడుగును. మొదట, ఆయన లేరని చెప్పుచుంటిమి. ప్రతిసారియు క్రొత్తగా విన్నట్లు ఏడ్చెడిది. ఇప్పుడు చిన్నవాడు, “వస్తారులే నాయనమ్మా, ఈలోగా మనం వచనం చదువుకుందాం” అని బైబిలు తెచ్చును. 103వ కీర్తన మొదటి మాట అందించిన చాలు, చివరివరకు ఆమె ఆగదు. మాకు చూడక చెప్పుట రాదు.

వచ్చు నెల గృహ కూడిక మా ఇంటిలోనే. చివరి ప్రార్థన అమ్మది. మా పిల్లల పేర్లు, మీ అందరి పేర్లు, ఊరిలో చనిపోయినవారి పేర్లుకూడ కలిపి ప్రార్థించును గనుక పొడుగుగా ఉండును. భోజనము ముందే పెట్టుదుము. లిఫ్టు పనిచేయుటలేదు, మోకాళ్ల నొప్పులు గలవారు క్రిందనుండి ఫోను చేసినయెడల మా పిల్లలు వచ్చి కుర్చీతో పైకి తీసుకొనివత్తురు.